భౌతికశాస్త్రం పరీక్ష రాశాక జవాబులు ఎలా సరిచూసుకోవాలి

జేఈఈ మెయిన్, నీట్, ఏపీ ఈఏపీసెట్ వంటి పరీక్షలు రాసి బయటికి వచ్చిన విద్యార్థులు ఒకరి జవాబులు ఒకరు అడిగి తెలుసుకోవడం సహజం. "అయిపోయిన పరీక్ష గురించి ఇంక ఆలోచించవద్దు" అని ఇంట్లో పెద్దవాళ్లు, కొందరు అధ్యాపకులు చెబుతుంటారు గాని, ఆ సలహాతో నేను పూర్తిగా ఏకీభవించను. మిగతా సబ్జెక్టుల సంగతి ఎలా ఉన్నా, భౌతికశాస్త్రంలో ఒక లెక్కను మూడు గంటల ఒత్తిడిలో మీరు ఎలా చదివారో, ఎక్కడ దారి తప్పారో తెలుసుకోవడానికి పరీక్ష రాసిన సాయంత్రాన్ని మించిన సమయం దొరకదు. కాకపోతే చాలామంది జవాబులనే పోలుస్తారు, ప్రశ్నలను పోల్చరు. ఇద్దరూ ఒకే ప్రశ్నను ఒకే విధంగా చదివారో లేదో తేలకుండా అంకెలను పక్కపక్కన పెట్టడం వల్ల సరిగా చేసినవారు దిగులు పడటం, తప్పు చేసినవారు ధైర్యం తెచ్చుకోవడం తప్ప మరే ప్రయోజనమూ ఉండదు. కాకినాడలోనో, రాజమహేంద్రవరంలోనో, భీమవరంలోనో పరీక్ష రాసి ఊరికి తిరిగి వెళ్లే మీకోసం, ఆ పనిని ఒక క్రమంలో ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఎవరితో పోల్చుకోవాలి

మీ షిఫ్టులోనే రాసినవారితో మాత్రమే పోల్చుకోండి. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, ప్రతిసారీ కొన్ని రోజుల పాటు ఉదయం, మధ్యాహ్నం షిఫ్టులుగా జరుగుతుంది; ఒక్కో షిఫ్టుకు ఒక్కో ప్రశ్నపత్రం ఉంటుంది. ఈఏపీసెట్ కూడా అదే విధంగా పలు సెషన్లలో జరుగుతుంది. అందువల్ల ఉదయం రాసిన మీ అన్నయ్యకు వచ్చిన "సులువైన ఫిజిక్స్"కూ మధ్యాహ్నం మీకు వచ్చినదానికీ సంబంధం లేదు. జేఈఈ మెయిన్‌లో పర్సంటైల్‌ను ఏ షిఫ్టుకు ఆ షిఫ్టులోనే లెక్కిస్తారు కనుక, కష్టమైన పేపర్ వచ్చిందని కంగారు పడవలసిన పని కూడా లేదు. ఆ కష్టం మీతోపాటు రాసిన అందరికీ ఒకటే.

ఒకే షిఫ్టులో రాసిన ఇద్దరికి కూడా ప్రశ్నల వరుస, ఆప్షన్ల వరుస వేరుగా ఉండవచ్చు. నీట్‌లో బుక్‌లెట్ కోడ్ మారితే ప్రశ్నల వరుస మారుతుంది. కాబట్టి "పన్నెండో బిట్టుకు నేను రెండు పెట్టాను" అన్న మాటకు అర్థం లేదు. జవాబు విలువను ప్రమాణంతో సహా చెప్పండి, అవతలివారి దగ్గర కూడా అలాగే చెప్పించుకోండి. ఇంకా పరీక్షలు జరుగుతున్న రోజుల్లో గుర్తున్న ప్రశ్నలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి; ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

మాట్లాడుకునే ముందు రాసుకోండి

నీట్ రాసినవారికి ప్రశ్నల బుక్‌లెట్‌ను ఇంటికి తెచ్చుకునే వీలు ఉంటుంది కనుక ఈ భాగం తేలిక. అయితే ఓఎంఆర్ పత్రం అక్కడే ఇచ్చేస్తారు కాబట్టి, హాల్లోనే బుక్‌లెట్ మీద మీరు గుర్తించిన జవాబుకు చిన్న టిక్కు పెట్టుకొని ఉంటేనే ఆ బుక్‌లెట్ పూర్తిగా ఉపయోగపడుతుంది. జేఈఈ మెయిన్‌లో రఫ్ షీట్లను కూడా తిరిగి ఇచ్చేయాలి కనుక మీ దగ్గర జ్ఞాపకం తప్ప ఇంకేమీ మిగలదు. ఆ జ్ఞాపకం మీద స్నేహితుల మాటలు పడితే రెండూ కలిసిపోతాయి. మీరు నిజంగా పెట్టిన జవాబేదో, తర్వాత విని సరైనదని నమ్మిన జవాబేదో మీకే తెలియకుండా పోతుంది. అందుకే ఎవరితోనూ మాట్లాడకముందే రాసుకోవాలి. కాకినాడలో రాసి అమలాపురం వైపు వెళ్లే బస్సెక్కినవారు యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేలోపు ఈ పని ముగించవచ్చు. బస్సు కుదుపులకు రాయడం కష్టమైతే, ఇంటివాళ్ల దగ్గర ఉంచిన ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేసుకొని రాత్రికి నోటుబుక్కులోకి ఎక్కించండి.

ప్రతి ప్రశ్నకు ఇచ్చిన విలువలు, అడిగిన రాశి, మీ జవాబు అన్న మూడింటినీ రాయండి. దాని పక్కన "ఖాయం", "అనుమానం", "ఊహ" అన్న మూడింటిలో ఒక మాట ఉంచండి. జ్ఞాపకం లేని విలువను ఊహించి నింపవద్దు, ఖాళీగా వదలండి. ఇరవై అయిదు ప్రశ్నలూ గుర్తుకు రావాలని పట్టుబట్టవద్దు. పదిహేను స్పష్టంగా గుర్తుంటే మంచి నమూనా దొరికినట్టే.

ముందు ప్రశ్నను పోల్చండి

ఇక అసలు పని. మీ జవాబూ మీ స్నేహితురాలి జవాబూ వేరైనప్పుడు "ఎవరిది తప్పు" అని మొదలుపెట్టకండి. ఇద్దరూ ప్రశ్నను విడివిడిగా, పూర్తి వాక్యంగా, జవాబు ప్రస్తావన లేకుండా చెప్పండి. ఇందులో ఎంత తేడా బయటపడుతుందో చూపడానికి మన ప్రాంతపు లెక్కనే తీసుకుందాం.

గోదావరి మీద కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం వైపు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) దాటుతోందనుకోండి. లెక్క కోసం నది వెడల్పు 600 మీటర్లు, నిశ్చల జలంలో పంటు వడి సెకనుకు 5 మీటర్లు, ప్రవాహపు వడి సెకనుకు 3 మీటర్లు అనుకుందాం. నది దాటడానికి పట్టే కాలం ఎంత అన్న ఈ ప్రశ్నకు ముగ్గురు విద్యార్థులు మూడు జవాబులు తెస్తారు: 120 సెకన్లు, 150 సెకన్లు, సుమారు 103 సెకన్లు.

మొదటి ఇద్దరి గణితంలోనూ దోషం లేదు. ప్రశ్నలో "కనిష్ఠ కాలంలో" అని ఉంటే పడవ ముక్కును ఒడ్డుకు సరిగ్గా లంబంగా ఉంచాలి. 600ను 5తో భాగిస్తే 120 సెకన్లు వస్తుంది, ఆ కాలంలో ప్రవాహం పడవను 360 మీటర్లు దిగువకు తీసుకుపోతుంది. "కనిష్ఠ దూరంలో" అని గాని, "సరిగ్గా ఎదుటి రేవుకు" అని గాని ఉంటే ముక్కును కొంత ఎగువకు తిప్పాలి. అప్పుడు ఒడ్డుకు లంబంగా మిగిలే వేగాంశం 25 లోంచి 9 తీసివేయగా వచ్చే 16 వర్గమూలం, అంటే 4. 600ను 4తో భాగిస్తే 150 సెకన్లు. ఈ ఇద్దరి మధ్య వివాదం భౌతికశాస్త్రానికి సంబంధించినది కాదు, ప్రశ్నలోని ఒక్క మాటను ఎవరు సరిగా చదివారన్నదానికి సంబంధించినది. ఆ మాట ఇద్దరికీ గుర్తు లేకపోతే వాదన అక్కడితో ఆపి, మీ ప్రశ్నలనూ మీరు పెట్టిన జవాబులనూ చూపే రెస్పాన్స్ షీట్ వచ్చేదాకా ఆ ప్రశ్నను "అనుమానం"లో ఉంచండి. ఊహించిన ప్రశ్న మీద జరిగే వాదన ఎంతసేపు సాగినా తేలదు.

మూడో జవాబు మాత్రం నిజమైన తప్పు. అందులో 25, 9 కలిపి వర్గమూలం తీసి సుమారు 5.83 అని ఫలిత వేగం కనుక్కొని, 600ను దానితో భాగించారు. ఫలిత వేగం పడవ నిజంగా పోయే వాలు దారి వెంబడి ఉంటుంది, ఆ దారి పొడవు 600 కాదు, సుమారు 700 మీటర్లు; 700ను 5.83తో భాగిస్తే మళ్లీ 120 సెకన్లే వస్తుంది. ఈ తప్పును సూత్రం గుర్తు లేకపోయినా పట్టుకోవచ్చు. ప్రవాహపు వడిని పెంచుతూ పోతే ఈ మూడో పద్ధతిలో కాలం తగ్గుతూ పోతుంది, అంటే గోదావరి ఎంత పోటెత్తితే అంత త్వరగా ఆవలి ఒడ్డు చేరతామని చెప్పినట్టు అవుతుంది. వరదల్లో రేవు చూసినవారెవరూ అది ఒప్పుకోరు. అదే ప్రవాహాన్ని సున్నా చేసి చూస్తే మొదటి రెండు పద్ధతులూ 120 సెకన్లనే ఇస్తాయి, ఇవ్వాలి కూడా.

ఇలా ఒక విలువను సున్నా చేసి గాని, చాలా పెద్దది చేసి గాని జవాబు ఎటు పోతుందో చూడటం నేను అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షగా భావిస్తాను. అవతలివారు తరగతిలో ఫస్టు వచ్చేవారైనా సరే, వారి పద్ధతి ఈ పరీక్షకు నిలబడకపోతే వారి జవాబును స్వీకరించకండి. మితుల సరిచూపు, అంటే జవాబు ప్రమాణం అడిగిన రాశికి సరిపోతుందో లేదో చూడటం, దీనికంటే తేలిక గాని, పైన చెప్పిన మూడు జవాబులూ సెకన్లలోనే ఉన్నాయి కనుక ఇక్కడ అది ఉపయోగపడలేదని గమనించండి.

ప్రశ్న ఒకటే అయినా జవాబు మారితే

ప్రశ్న ఇద్దరికీ ఒకేలా గుర్తుండి, జవాబులు మాత్రం దగ్గర దగ్గరగా ఉంటే ముందుగా స్థిరాంకాలు చూడండి. నిమిషానికి 600 లీటర్ల నీటిని 10 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకుకు ఎక్కించే మోటారు సామర్థ్యం అడిగితే, గురుత్వ త్వరణం 9.8 తీసుకున్నవారికి 980 వాట్లు, 10 తీసుకున్నవారికి 1000 వాట్లు వస్తుంది. ఆప్షన్లలో రెండూ ఉన్నప్పుడు ప్రశ్నలో ఇచ్చిన విలువే ప్రమాణం. మీ అలవాటుకు అక్కడ విలువ లేదు.

జేఈఈ మెయిన్‌లో సంఖ్య టైపు చేయవలసిన ప్రశ్నలకు జవాబును దగ్గరి పూర్ణాంకానికి సవరించమంటారు. 50ని 2 వర్గమూలంతో గుణించే చోట 1.4 వాడినవారికి 70 వస్తుంది, 1.414 వాడినవారికి 70.7 వచ్చి 71 అవుతుంది. తేడా ఒకటే అయినా మార్కుల్లో నాలుగు పోయి, పైగా ఒకటి తగ్గుతుంది. మధ్యలో సవరించిన అంకె ఏదో వెతికి దాని కింద గీత గీయండి.

జవాబులు బాగా దూరంగా ఉంటే గుర్తుల సంప్రదాయాన్ని అనుమానించండి. ఒక వాయువుకు 300 జౌళ్ల ఉష్ణం ఇస్తే అది 120 జౌళ్ల పని చేసిందనుకోండి. భౌతికశాస్త్రం పుస్తకంలో వ్యవస్థ చేసిన పనిని ధనాత్మకంగా తీసుకుని ఉష్ణంలోంచి తీసివేస్తాం. రసాయనశాస్త్రంలో వ్యవస్థ మీద జరిగిన పనిని ధనాత్మకంగా తీసుకుని ఉష్ణానికి కలుపుతాం, ఇక్కడ ఆ పని రుణాత్మకం. ఏ దారిన పోయినా అంతర్గత శక్తిలో మార్పు 180 జౌళ్లే. 420 అని వచ్చినవారు రసాయనశాస్త్రం సూత్రంలో భౌతికశాస్త్రం గుర్తును పెట్టారన్నమాట. కటకాలు, దర్పణాల లెక్కల్లోనూ ఇదే జరుగుతుంది. ఏకాంతర విద్యుత్తులో 230 వోల్టులు ప్రభావ (ఆర్‌ఎంఎస్) విలువా, శిఖర విలువా అన్నది చూడకపోతే 325 రావలసిన చోట 230 రాసి వస్తాం.

ఎక్కువమంది చెప్పినదే సరైనదని అనుకోకండి

నలుగురిలో ముగ్గురికి ఒకే జవాబు వస్తే నాలుగోవారు మౌనంగా ఒప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. 2024 మే 5న జరిగిన నీట్‌లో పరమాణువుల గురించి రెండు వాక్యాలిచ్చి అడిగిన భౌతికశాస్త్రం ప్రశ్న ఇందుకు మంచి ఉదాహరణ. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరంగా ఉండి తమ లాక్షణిక వర్ణపటాన్ని ఉద్గారిస్తాయన్నది అందులోని రెండో వాక్యం. రేడియోధార్మిక మూలకాలను తలచుకుంటే ఆ వాక్యం నిలవదు. అయితే పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో అటువంటి వాక్యమే ఉండటం వల్ల, పరీక్ష నిర్వహించే జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) ఫలితాల్లో రెండు ఆప్షన్లకూ మార్కులిచ్చింది. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు కోరిన మీదట ఐఐటీ ఢిల్లీ డైరెక్టర్ నియమించిన ముగ్గురు నిపుణులు, మొదటి వాక్యం సరైనది, రెండోది తప్పు అని చెప్పే నాలుగో ఆప్షన్ ఒక్కటే సరైనదని జూలైలో తేల్చారు. రెండు వాక్యాలూ సరైనవనే రెండో ఆప్షన్ పెట్టినవారు నాలుగు లక్షల మందికి పైగా ఉన్నా వారికి ఆ మార్కులు నిలవలేదు.

ఇందులోంచి మీరు తీసుకోవలసిన ఆచరణ ఇది: పుస్తకాన్ని ఆధారంగా చూపే ప్రతిసారీ అది ఏ సంవత్సరపు ముద్రణో చూడండి, ఆ వాక్యానికి మినహాయింపు ఉందేమో ఆలోచించండి. అన్నల పాత పుస్తకాలు తమ్ముళ్లు చదవడం మన ఇళ్లలో మామూలే కనుక ఈ జాగ్రత్త మనకు మరీ అవసరం.

మార్కులను ఒక అంకెగా కాక, రెండు హద్దుల మధ్య అంచనా వేయండి

జేఈఈ మెయిన్‌లో ప్రస్తుతం భౌతికశాస్త్రానికి 25 ప్రశ్నలు, 100 మార్కులు. సరైన జవాబుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. నీట్‌లో 45 ప్రశ్నలు, 180 మార్కులు, కోత అంతే. 2024, 2025లలో కాకినాడ జేఎన్‌టీయూ నిర్వహించిన ఈఏపీసెట్‌లో 160కి 40 మార్కులు భౌతికశాస్త్రానివి, నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈలో మీరు 17 రాసి, వాటిలో 11 ఖాయం, 6 అనుమానం అయితే, అనుమానాలన్నీ తప్పయితే 38, అన్నీ సరైనవైతే 68. ఇంటి నుంచి ఫోన్ చేసి ఎన్ని వస్తాయని అడిగితే ఆ రెండు అంకెలూ చెప్పండి. ఒక్క అంకె చెబితే అది మీ నోట ఖాయమైపోయి, తర్వాత తగ్గిన ప్రతి మార్కూ ఇంట్లో నష్టంగా కనిపిస్తుంది. సరైనదనుకున్న ఒక జవాబు తప్పని తేలితే తగ్గేవి నాలుగు కాదు, అయిదు అని కూడా గుర్తుంచుకోండి.

రెస్పాన్స్ షీట్, ప్రాథమిక కీ వచ్చాక

కొన్ని రోజులకు ప్రాథమిక కీ, మీ రెస్పాన్స్ షీట్ వెబ్‌సైటులో పెడతారు. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లేవారైతే రెండింటినీ ప్రింటు తీయించుకోండి. తెర మీద పోల్చేటప్పుడు పొరపాట్లు ఎక్కువ. జేఈఈ మెయిన్ షీట్‌లో ప్రతి ప్రశ్నకు ఒక ఐడీ, ప్రతి ఆప్షన్‌కు ఒక ఐడీ, మీరు ఎంచుకున్న ఆప్షన్ సంఖ్య ఉంటాయి. కీలో మాత్రం ప్రశ్న ఐడీ, దాని ఎదురుగా సరైన ఆప్షన్ ఐడీ ఉంటాయి. కాబట్టి మీరు ఎంచుకున్నది 3 అయితే, ఆ ప్రశ్న కింద మూడో ఆప్షన్‌కు ఉన్న ఐడీని చూసి, దానిని కీలోని ఐడీతో పోల్చాలి. ఐడీల చివరి రెండు మూడు అంకెలే చూసి సరిపెట్టుకోకండి, మొత్తం చూడండి. సంఖ్య టైపు చేసిన ప్రశ్నలకు మీరిచ్చిన సంఖ్యే ఉంటుంది.

ఇప్పుడు నోటుబుక్కు తెరిచి, పరీక్ష రోజున "ఖాయం" అన్నవాటిలో తప్పయినవి ముందుగా విడదీయండి. "ఊహ" తప్పయితే అందులో తెలుసుకోవలసింది తక్కువ. "ఖాయం" తప్పయిన చోట మాత్రం ఒక భావన మీ మనసులో తప్పుగా కుదురుకుని ఉంది, అది తర్వాతి పరీక్షలోనూ అదే ధైర్యంతో తప్పు చేయిస్తుంది. మీ సమయంలో ఎక్కువ భాగం వీటికే ఇవ్వండి.

కీ తప్పని అనిపిస్తే

జేఈఈ మెయిన్, నీట్‌లలో ప్రాథమిక కీ మీద అభ్యంతరం తెలపడానికి ప్రశ్నకు 200 రూపాయల రుసుము ఉంది. జేఈఈ మెయిన్‌లో ఆ సొమ్ము తిరిగి ఇవ్వరు. నిపుణులు అభ్యంతరాన్ని అంగీకరించి కీని సవరిస్తే, ఆ సవరణ అభ్యంతరం పెట్టిన ఒక్కరికే కాక అందరికీ వర్తిస్తుంది. అందువల్ల ఒకే షిఫ్టులో రాసిన మీ ఊరి స్నేహితులు అయిదుగురు అయిదు అభ్యంతరాలు పెట్టనవసరం లేదు; బాగా రాయగలిగినవారు ఒకరు పెడితే, మిగిలినవారు రుసుమును పంచుకోవచ్చు. గడువు కొద్దిరోజులే కాబట్టి ముందే మాట్లాడుకుని ఉంచుకోండి.

అభ్యంతరం రాసేటప్పుడు మొదట ప్రశ్నలో ఇచ్చిన దత్తాంశం, తర్వాత వాడిన నియమం, తర్వాత మెట్టు మెట్టుగా గణన, చివర ఏ ఆప్షన్ ఐడీ సరైనదో రాయండి. ఎన్‌సీఈఆర్‌టీ తాజా ముద్రణలో సంబంధిత పేజీ ఉంటే జతచేయండి. "మా సార్ కూడా ఇదే చెప్పారు" అన్నది ఆధారం కాదు. తెలుగులో పరీక్ష రాసినవారు ఇంగ్లీషు ప్రశ్నను కూడా తప్పక చదవాలి, ఎందుకంటే అనువాదంలో తేడా ఉన్నప్పుడు ఇంగ్లీషు పాఠమే తుది ప్రమాణమని ఎన్‌టీఏ నిబంధన. జేఈఈ మెయిన్‌లో ఒకటికంటే ఎక్కువ ఆప్షన్లు సరైనవని తేలితే వాటిలో ఏదైనా పెట్టినవారికి మార్కులు వస్తాయి; ప్రశ్నే తప్పని తొలగిస్తే పరీక్షకు హాజరైన అందరికీ, ఆ ప్రశ్న వదిలేసినవారికి కూడా, నాలుగు మార్కులు కలుపుతారు.

తుది కీ వెలువడ్డాక అభ్యంతరాలు స్వీకరించరు. జనవరిలో రాసినవారైతే ఏప్రిల్ సెషన్‌కు మళ్లీ రాయవచ్చు, రెండింటిలో మెరుగైన స్కోరునే తీసుకుంటారు. అందుకని తుది కీ చూసిన వారంలోనే, "ఖాయం" అని రాసి తప్పుపోయిన ప్రశ్నలను పరిష్కారం చూడకుండా కొత్త పేజీలో మళ్లీ చేయండి. ఒక్కోదానికి ఇచ్చిన విలువలను మార్చి, అడిగిన రాశిని కూడా మార్చి మరొక ప్రశ్న తయారు చేసి, దానిని పరీక్ష రోజున మీతో విభేదించిన స్నేహితులకే ఇచ్చి చేయించండి.